పొడుగు లైను

మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా హాస్టల్లో పొద్దుటి అన్నానికి నాలుగు లైన్లు. ఏ తరగతి వాళ్లు ఆ లైన్లోనే నిలబడాలి. లైనుకో లీడరు హాజరు పుస్తకంలో టిక్కులు పెట్టేవాడు. మా తరగతిలో పిల్లలెక్కువ. పక్క లైన్ల వాళ్లు కంచాలు కడుక్కునే వేళకి మేమింకా నిలబడే ఉండేవాళ్లం. బడి గంట కొడితే సగం తిని పరుగెత్తేవాళ్లం.

ఇప్పుడు మా బ్యాచ్‌లో కొందరం కంప్యూటర్ ఉద్యోగాల్లో ఉన్నాం. అక్కడా ఆ పొడుగు లైనే ఎదురైంది. ఆగకుండా వచ్చే సమాచారంలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో చాలా యంత్రాలు కలిసి లెక్కిస్తాయి. ఒక పదం ఎప్పుడూ ఒకే యంత్రానికి పోతే, తరచుగా వచ్చే పదం పడ్డ యంత్రం మునిగిపోతుంది, మిగతావి ఖాళీగా ఉంటాయి. ఎటంటే అటు పంచితే బరువు సమానమవుతుంది గానీ, ప్రతి పదం లెక్కా అన్ని యంత్రాల్లో చెదిరిపోతుంది.

2015లో కొందరు పరిశోధకులు మధ్యదారి చూపారు. ప్రతి పదానికీ రెండు యంత్రాలు కేటాయించాలి. ఆ క్షణంలో ఏది తేలికగా ఉంటే దానికి పంపాలి. చివర రెండు లెక్కలూ కలపాలి. అపాచీ స్టార్మ్‌లో ఈ పద్ధతి ఉంది. మరీ ఎక్కువగా వచ్చే పదాలకు రెండు చాలవనీ, ఇంకొన్ని యంత్రాలివ్వాలనీ 2016లో చెప్పారు.

అది చదివి నవ్వుకున్నాం. మా వార్డెను సారు ఒకనాడు "తరగతికి రెండు లైన్లు, పొట్టిదాంట్లో నిలబడండిరా" అన్నారు. ఆ పూట కడుపునిండా తిని బడికెళ్లాం. రాత్రి రెండు పుస్తకాల్లోని టిక్కులు కూడితే హాజరూ సరిపోయింది.

తమ్ముళ్లూ, మీ లైను కదలకపోతే తప్పు మీది కాదు. పంచే తీరు మార్చమని సారుని అడగండి. మేము ఏడాదిపాటు అడగలేకపోయాం.