లెగ్ పీసు ఎవరికి?

2025 ఎండాకాలంలో మా శంషాబాద్ కాలనీలో మామిడికాయ పచ్చడి కన్నా ఎక్కువగా మాట్లాడుకున్నది ఒక కొరియన్ సీరియల్ గురించి అంటే మీరు నమ్మకపోవచ్చు. దాని పేరు 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్'. ఆ ఏడాది మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వారానికి నాలుగు భాగాల చొప్పున నాలుగు వారాల్లో మొత్తం 16 భాగాలు వచ్చాయి. సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి టీవీలో పెట్టింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి ఊరికే కాసేపు కూర్చున్నదాన్ని నేను లేవలేదు. తర్వాత అత్తమ్మ వచ్చింది. తర్వాత పక్కింటి వదిన, ఎదురింటి అంగన్‌వాడీ టీచరక్క, మా పై వాటాలో అద్దెకుంటున్న కొత్తగా పెళ్ళయిన అమ్మాయి. సోఫా చాలక చాప పరిచాం. మా అమ్మాయి కింద వచ్చే ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేది. విమానం ఇంటి మీదుగా దిగినప్పుడల్లా ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పేది.

కొరియా కథలు మనకేం కొత్త కాదు. 2019లో నందినీ రెడ్డి తీసిన 'ఓ బేబీ' మనమందరం చూసిందే. అది 'మిస్ గ్రానీ' అనే కొరియన్ సినిమాకి తెలుగు రూపం. అందులోనూ క్యాంటీన్ నడిపే ఒక ముసలావిడే కథకి మూలం. వంటలున్న కొరియన్ సీరియల్ అంటే చాలామంది 2003 నాటి 'డే జాంగ్ గమ్' పేరు చెప్తారు. అది రాజుగారి వంటశాల కథ. అక్కడ వంట ఒక విద్య. ఈ టాంజరీన్స్ కథలో వంట గురించి పెద్దగా ఏమీ చెప్పరు. వండింది ఎవరి పళ్ళెంలో పడిందో, ఎవరి పళ్ళెంలో పడలేదో మాత్రం చూపిస్తారు. మమ్మల్ని పట్టి కూర్చోబెట్టింది అదే.

కథ దక్షిణ కొరియాకి చెందిన జేజు దీవిలో జరుగుతుంది. అక్కడ ఆడవాళ్ళు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలోకి మునిగి నత్తల్లాంటివి పట్టుకొస్తారు. వాళ్ళని హెన్యో అంటారు. 2016లో యునెస్కో వాళ్ళ సంప్రదాయాన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. కథానాయిక ఏసూన్ తల్లి అలాంటి మనిషి. మునిగి మునిగి ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే పోతుంది. తల్లి బతికి ఉండగా, ఏసూన్ తండ్రి తరఫు వాళ్ళింట్లో ఉంటున్న రోజుల్లో ఒక సన్నివేశం ఉంది. అందరూ భోజనానికి కూర్చుంటారు. చేపలు వేయిస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో చేప. ఈ పిల్లకి మాత్రం లేదు. ఆ సంగతి తెలిసిన తల్లి ఊరుకోదు. పిల్లని తనతో తీసుకెళ్ళిపోతుంది.

అక్కడ మా అమ్మాయి టీవీ ఆపింది, విమానం ఏదీ రాకపోయినా. ఎందుకంటే పక్కింటి వదిన ఏడుస్తోంది. ఆవిడ ఇంట్లో ఎప్పుడూ నవ్విస్తూ ఉండే మనిషి. "మా ఇంట్ల కోడిగుడ్లు అన్నలకే" అంది. అంతే. వాళ్ళది కోళ్ళు పెంచిన ఇల్లు. పొద్దున్నే గంప కింద నుంచి గుడ్లు ఏరుకొచ్చే పని ఆవిడదే. తినే పని అన్నలది. యాభై దగ్గరికి వచ్చినా ఆ గుడ్ల లెక్క మర్చిపోలేదు. "అమ్మ చెడ్డదేం కాదు, మొగపిల్లలు బరువు మోస్తరని అనేది" అని తనే సర్దుకుంది.

అప్పుడు మొదలయ్యాయి అభిప్రాయాలు. చేప సంగతి వదిలేసి అందరం కోడి దగ్గరికొచ్చాం. ఒక కోడికి రెండే తొడలు. ఆదివారం మన ఇళ్ళలో లెగ్ పీసులు రెండూ ఎవరికి పోతాయో ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ఒకటి ఇంటి మగాయనకి, ఒకటి కొడుక్కి. అల్లుడొస్తే కొడుకుది అల్లుడికి. వండిన మనిషికి మెడ, వీపు, ఇంత ఇగురు. నన్నడిగితే మూకుడులో అడుగంటిన మసాలాకి అన్నం కలుపుకుని తినడంలో ఒక రుచి ఉంది. అది నేను కాదనను. కానీ ఆ రుచి నాకు ఇష్టమై వచ్చిందా, మిగిలింది అదే కాబట్టి ఇష్టమైందా అని మా అమ్మాయి అడిగింది. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి రెండూ అన్నాను.

రెండో పెద్ద చర్చ భోజనాల బల్ల గురించి. ఏసూన్ పెళ్ళి చేసుకున్న గ్వాన్‌సిక్ వాళ్ళింట్లో మగవాళ్ళకొక బల్ల, ఆడవాళ్ళకొక బల్ల. అందరూ తింటుండగా అతను ఏమీ మాట్లాడకుండా మగవాళ్ళ బల్లకి వీపు పెట్టి, పెళ్ళాం వైపు తిరిగి కూర్చుంటాడు. అంతే ఆ సీను. పోట్లాట లేదు, ఉపన్యాసం లేదు. మా అమ్మాయి, పై వాటా అమ్మాయి చప్పట్లు కొట్టారు. వదిన మూతి తిప్పి "గిట్లాంటి మొగుళ్ళు సీరియల్లనే ఉంటరు" అంది. అంగన్‌వాడీ అక్క, "ఒక్కడు తిరిగి కూసుంటే ఏమైతది, వండేది మళ్ళ ఆడోళ్ళే కదా" అంది.

మా అత్తమ్మ మాత్రం అందరికీ అడ్డం తిరిగింది. ఆ ఇంటి ముసలావిడనీ అత్తగారినీ మేమంతా తిడుతుంటే, "గామె మీద కోపమెందుకే? గామెకు మాత్రం ఎవరు పెట్టిండ్రు? తనకు పెట్టినోళ్ళు లేనిది ఇంకొకరికి పెట్టుడు ఎట్ల తెలుస్తది?" అంది. అత్తమ్మకి డెబ్భై దాటాయి. పదమూడో ఏట కాపురానికొచ్చి పన్నెండు మంది ఉన్న ఇంట్లో జొన్నరొట్టెలు చేసిన మనిషి. రొట్టెలు అందరికీ అయ్యాక పిండి మిగిలితేనే తనకు. మిగలకపోతే గట్క, అది కూడా లేకపోతే గంజి. ఆ సంగతులు నాకు ఇరవై మూడేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెప్పలేదు. కొరియా ముసలావిడ పక్షాన వాదించడానికి చెప్పింది.

నా అభిప్రాయం నేనూ చెప్తాను. ఆ సీరియల్‌లో నాకు నచ్చనిది కూడా ఉంది. ఏడుపు ఎక్కువ. భర్త మంచితనంతో చాలా చిక్కులు విడిపోతాయి. అంత మంచివాడు దొరకని ఆడదాని గతి ఏమిటో ఆ కథ గట్టిగా అడగదు. కానీ ఒక విషయంలో ఆ రచయిత్రికి దండం పెడతాను. ఏసూన్ దంపతులు ఏమీ లేని రోజుల్లో, వాళ్ళింటి ఓనరు ముసలమ్మ వాళ్ళ బియ్యం కుండలో చాటుగా బియ్యం పోసిపోతుంది. చెప్పదు, అడగదు. ఎవరైనా చూస్తే పుణ్యం వస్తుందని కాదు, చూస్తే తీసుకునేవాళ్ళు చిన్నబోతారని.

డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు పోతన భాగవతంలో గోపబాలకులు చల్దులు తినే ఘట్టం మాకు పాఠంగా ఉండేది. మీగడ, ఊరగాయలు, ఒకరి చేతిలోది ఒకరు లాక్కోవడం. అందులో పెద్దా చిన్నా లేదు, దేవుడూ మనిషీ లేదు, అందుకే అది అంత అందంగా ఉంటుందని మా మేడమ్ చెప్పారు. అదిప్పటికీ నిజమే. కాకపోతే ఇప్పుడు చదివితే నాకు ఇంకోటి తోస్తుంది. ఆ చిక్కాలన్నీ కట్టి పంపిన తల్లులు ఆ పొద్దున ఏం తిన్నారో మనం ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా మనసులకి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషుల్లో 25 శాతం. నెలసరి, కాన్పులు కారణమని అంటారు, నిజమే. కానీ చివర కూర్చుని మిగిలింది తినడం కూడా ఎంతోకొంత ఆ లెక్కలోకి వస్తుంది కదా. అంగన్‌వాడీ అక్క చెప్పింది, తెలంగాణలో 2015 నుంచి నడుస్తున్న ఆరోగ్యలక్ష్మిలో గర్భిణులకీ బాలింతలకీ అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు కేంద్రంలోనే పెడతారట. "ఇంటికిస్తే ఏమైతదో తెల్వదా? గుడ్డు పెద్దపిల్లకు, పాలు మామకు. అందుకే నా ముందట కూసోబెట్టి తినిపిస్త" అంది. ఇంటి పళ్ళెం సంగతి ఆ పథకం రాసినవాళ్ళకి కూడా తెలుసన్నమాట.

ఇక పై వాటా అమ్మాయి సంగతి. ఆ పిల్లకి అప్పుడు మూడో నెల. భర్తకి ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీలు. ఇక్కడ సగం ఇళ్ళు అంతే. 2008లో బేగంపేట నుంచి విమానాలు ఇటు వచ్చినప్పటి నుంచి మా చుట్టుపక్కల అన్నం వేళలు గడియారాన్ని బట్టి కాక షిఫ్టుని బట్టి నడుస్తున్నాయి. అతను వచ్చి స్నానం చేసేసరికి పది, పదకొండు అవుతుంది. అంతదాకా ఈ పిల్ల పచ్చి మంచినీళ్ళ మీద ఉండేది. వాళ్ళ పెద్దవాళ్ళు మొగుడి కంటే ముందు తినకూడదని చెప్పి పంపారు. అతను తినొద్దని అన్నాడా అంటే అనలేదు. తినమని కూడా అనలేదు. ఆ సంగతే అతనికి తట్టలేదు. ఒక రోజు సీరియల్ మధ్యలో లేచి నిలబడి గోడ పట్టుకుంది. కళ్ళు తిరుగుతున్నాయంది. డాక్టరమ్మ రక్తం చూసి ఎనిమిది అంది.

మేం నలుగురం తలో మాటా అన్నాం. అతనితో మాట్లాడాలని వదిన, వాళ్ళ అత్తగారికి ఫోన్ చెయ్యాలని నేను. అత్తమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి స్టీలు డబ్బాలో రెండు రొట్టెలు, ఆకుకూర పప్పు పెట్టుకుని, మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ ఎక్కింది. "నాకు ఒక్కదాన్నే తినబుద్ధి కాదు బిడ్డా, జర నాతోని కూసో" అందట. రోజూ అదే మాట. ఆ పిల్ల పెద్దావిడ మాట కాదనలేక తినేది. అత్తమ్మకి తోడు కావలసివచ్చిందని ఇప్పటికీ అనుకుంటోందో, అసలు సంగతి తెలుసుకుందో నాకు తెలియదు. వారం పది రోజులకి ఆ అబ్బాయి కిందికొచ్చి, "నాన్నమ్మకి మెట్లెక్కడం కష్టం, ఇకనుంచి నేను డ్యూటీ నుంచే ఫోన్ చేసి లేపి తినమంటాను" అన్నాడు. అతను ఏ బల్లకీ వీపు పెట్టలేదు, ఫోన్ చేశాడు. దసరా వెళ్ళాక పాప పుట్టింది, రెండు కిలోల ఎనిమిది వందలు.

తిండిలో ప్రేమ లేదని నేను అనడం లేదు. ప్రేమ ఎంతుందో చూడాలంటే మా ఊరికి రండి. రాత్రి పూట ఎయిర్‌పోర్టు డిపార్చర్స్ దగ్గర నిలబడండి. అమెరికా వెళ్ళే పిల్లల పెట్టెలు ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. కాటా మీద పెట్టె పెట్టి, అరకిలో ఎక్కువైతే తల్లి కింద కూర్చుని జిప్పు తీస్తుంది. స్వెట్టర్ తీస్తుంది, పుస్తకం తీస్తుంది, ఆవకాయ డబ్బా మాత్రం తియ్యదు. సీరియల్‌లో ఏసూన్ కూతురు గుమ్‌మ్యంగ్ జపాన్‌లో చదువుకోవడానికి తల్లిదండ్రులు ఇల్లు అమ్మేస్తారు. మా వాళ్ళు పొలం తాకట్టు పెడతారు, అంతే తేడా. ఆ తల్లులందరూ పెట్టడంలో ఆరితేరినవాళ్ళు. తాము తినడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నాకు ఆకలి లేదులే" అంటారు. పిల్లలు ఆ మాట నమ్మి పెరుగుతారు. ఆడపిల్లలైతే దాన్ని నేర్చుకుని పెరుగుతారు. నాకు భయం అక్కడే. నేను చివర తినడం నా ఇష్టం అనుకోవచ్చు. కానీ మా అమ్మాయి దాన్ని చూస్తోంది.

కొరియన్‌లో ఆ సీరియల్ పేరు వేరేనట. జేజు యాసలో "ఎంతో కష్టపడ్డారు" అనే అర్థం వస్తుందట. అది వినగానే అత్తమ్మ, "గంత మాట మాకెవరన్నరు" అని నవ్వింది. మా అమ్మాయి ఆవిడ భుజం మీద తల పెట్టింది, అంతకు మించి ఏమీ అనలేదు.

తర్వాతి ఆదివారం చికెన్ షాపతను ఎప్పట్లాగే, "లెగ్ పీసులు అట్లనే ఉంచాలా అక్కా?" అని అడిగాడు. "వద్దు, అన్నీ కలిపి చిన్న ముక్కలు కొట్టు" అన్నాను. కూర గిన్నె మధ్యలో పెట్టి అందరం ఒకేసారి కూర్చున్నాం. మా అబ్బాయి గరిటెతో వెతికి వెతికి, "మమ్మీ, లెగ్ పీసేది?" అన్నాడు. మా ఆయన కూడా గిన్నెలోకి తొంగిచూశాడు. "అందులోనే ఉంది, ఎవరికి దొరికితే వాళ్ళది" అన్నాను. మా అబ్బాయి ఆ పూట అలిగాడు. అత్తమ్మ కూడా "పోరగానికి ఒక్కటన్న ఉంచకపోతివి" అని సణిగింది, సణుగుతూనే మంచి కండ ముక్క ఒకటి నమిలింది. ఇప్పటికి నాలుగు నెలలుగా మా ఇంట్లో కోడికి తొడలు లేవు.

మీ ఇంట్లో ఎవరికి పడుతుంది? ఈ ఆదివారం వడ్డించేటప్పుడు ఒకసారి చూడండి.