నాలుగు మూటల ఇసుక



పోయిన ఆదివారం సంఘం పనిమీద మా ఇంటికి వచ్చిన ఇద్దరు సభ్యులు హాల్లో ఉన్న గాజు తొట్టి చూశారు. ఉప్పునీళ్ళు, రెండు నారింజరంగు చేపలు, అడుగున తెల్లటి ఇసుక. చేపల ధర అడగలేదు. "ఈ ఇసుక ఎంతండీ?" అని అడిగారు. చెప్పాను. కిలో లెక్కన మంచి పొన్ని బియ్యం ధరకు రెండింతల పైనే. "ఇసుకకా! మెరీనాలో ఊరికే ఉంది కదండీ" అని ఒకటే నవ్వు. కాఫీ అయ్యేలోపల సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదిగానే వస్తుంది, ఓపికగా చదవండి.

తొట్టి నాది కాదు, మా మనవడిది. తొమ్మిదో క్లాసు చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి కొళత్తూరు చేపల బజారుకు నన్ను లాక్కెళ్ళేవాడు. మంచినీళ్ళ చేపలు అయ్యాయి, ఇక సముద్రపు తొట్టి కావాలన్నాడు. దీపాలు, పంపులు వాడు చూసుకుంటానన్నాడు. "తాతా, ఇసుక మాత్రం నీ పని. నువ్వు రైల్వేలో ఇసుక లెక్కలు రాశావు కదా" అన్నాడు.

అది నిజమే. చెన్నైలో లోకో షెడ్ స్టోర్స్‌లో గుమాస్తాగా ఉన్నప్పుడు ఇసుక ఇండెంట్లు రాశాను. రైలింజనుకు ఇసుకెందుకని చాలామంది అడుగుతారు. వాన పడి పట్టాలు తడిసినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, చక్రం జారుతుంది. అప్పుడు డ్రైవరు చక్రం ముందర పట్టా మీద ఇసుక జారవిడుస్తాడు. దానికి ఇంజన్లోనే ఇసుక పెట్టెలు ఉంటాయి. ఆ ఇసుక గట్టిదిగా, పొడిగా, ఒకే సైజు గింజగా ఉండాలి. తడి ఉంటే గొట్టంలో ఇరుక్కుంటుంది. మట్టి ఉంటే పట్టు దొరకదు. ఇసుకను పేరు చూసి, రంగు చూసి తీసుకోకూడదు, అది చేయాల్సిన పని చూసి తీసుకోవాలి అని నాకు తెలుసు. తెలిసి కూడా తప్పు చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

మొదటి మూట సముద్రపు ఒడ్డుది. తిరువొత్తియూర్ వైపు వెళ్ళి రెండు బకెట్లు తెచ్చాం. ఇప్పుడైతే అదీ చేయను. మంచినీళ్ళతో పదిసార్లు కడిగి, ఎండబెట్టి, తొట్టిలో పోశాం. సముద్రపు చేపలకు సముద్రపు ఇసుకే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

మూడో వారంలో అల పుట్టించే పంపు గురగురమని ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల తిరిగే భాగానికి నల్లటి పొడి మీసాల్లా అంటుకుని ఉంది. ఆ భాగంలో అయస్కాంతం ఉంటుంది. మన తీరం ఇసుకలో తెల్లగింజల మధ్య నల్లగింజలు కనిపిస్తాయి చూశారా, వాటిలో ఇనుము కలిసిన ఖనిజాలు ఉంటాయి. మాగ్నటైట్, ఇల్మనైట్ లాంటివి. అవన్నీ వెళ్ళి పంపుకు పట్టుకున్నాయి. గాజు తుడిచే అయస్కాంతానికి కూడా పట్టుకుని అద్దం మీద బెత్తెడు గీత గీశాయి. ఆ గీత ఇప్పటికీ ఉంది. పైగా పట్నం ఒడ్డు ఇసుకలో ఏం కలిసి ఉందో ఎవరు చెప్పగలరు? 2017 జనవరిలో ఎన్నూర్ దగ్గర రెండు నౌకలు గుద్దుకుని నూనె ఒలికి, ఒడ్డంతా బకెట్లతో ఎత్తిపోశారు, మనందరం చూశాం. చేపలు ఇంకా వేయలేదు కాబట్టి ఆ మూటతో నష్టపోయింది పంపు ఒక్కటే.

కనుక మొదటి పరీక్ష ఇది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొడి ఇసుకలో తిప్పండి. నల్లపొడి అంటుకుంటే ఆ ఇసుక వద్దు.

రెండో మూట కొన్నది. ఒక అంగడిలో పాల తెలుపు ఇసుక చూపించి "సార్, ఒరిజినల్ రీఫ్ ఇసుక" అన్నారు. ఈసారి నేను చదువుకుని వెళ్ళాను. నది ఇసుక సిలికా. పగడపు దిబ్బల దగ్గర ఉండే ఇసుక కాల్షియం కార్బనేట్, ఎక్కువగా దానిలో అరగోనైట్ అనే రకం. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చెంచాడు ఇసుక మీద వెనిగర్ పోస్తే కార్బనేట్ అయితే బుసబుసమని బుడగలు వస్తాయి, సిలికా అయితే ఊరుకుంటుంది. నేను తెచ్చినది బాగా పొంగింది. మనవడి ముందు గొప్పగా నిలబడ్డాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి వేళ్ళ మధ్య చిటికెడు తీసుకుని నలిపింది. "ఇది ముగ్గురాయి కదండీ. చెయ్యి కోస్తోంది" అంది. నలభై ఏళ్ళుగా వాకిట్లో ముగ్గు వేస్తున్న చెయ్యి. నేను వినలేదు. వెనిగర్ పొంగింది కదా అన్నాను.

ఆవిడ చెప్పినదే నిజం. అది చలువరాయిని కొట్టిన పొడి. చలువరాయి కూడా కాల్షియం కార్బనేటే, కాల్సైట్ అనే ఇంకో రకం. దాని మీద వెనిగర్ పోసినా పొంగుతుంది. కాబట్టి వెనిగర్ పరీక్ష సిలికా కాదని చెప్తుంది గానీ, మంచి ఇసుక అని చెప్పదు. పది రూపాయల నోటు దొంగది కాదని తేల్చినంత మాత్రాన అది వంద రూపాయలు కాదు కదా.

ఆ ఇసుకలో వాడు ఒక గోబీ చేపను వేశాడు. అది రోజంతా నోటినిండా ఇసుక తీసుకుని, తినేది ఏరుకుని, మిగతాది మొప్పల గుండా వదిలేస్తుంది. మన ఆడవాళ్ళు చేటతో చెరిగినట్టే. వాడు హోంవర్క్ మానేసి దాన్నే చూస్తూ కూర్చునేవాడు. కొన్ని వారాలకు అది చెరగడం మానేసింది. నోటి దగ్గర పుండులాగ కనిపించింది. ఒక ఉదయం మూల పడి ఉంది. వాడు ఏడవలేదు. స్కూలు బ్యాగు తగిలించుకుని ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఇసుకే చంపిందని నేను ప్రమాణం చేయలేను. కొత్త తొట్టి ఇసుకలో దానికి తగిన తిండి ఉండదు, అలాంటి చేపలు ఆకలితో పోతాయని తరువాత చదివాను. రెండూ కలిసి ఉండవచ్చు. రెండూ నా లెక్కలోకే వస్తాయి. ఆ సాయంత్రం భూతద్దం పెట్టి చూశాను. గింజలన్నీ పగిలిన గాజులాగా బల్లపరుపు ముఖాలు, పదునైన అంచులు. సముద్రంలో పుట్టిన కార్బనేట్ ఇసుక అలా ఉండదు. అంచులు అరిగి ఉంటాయి. గుల్లల ముక్కలు, చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. కొన్ని రకాల్లో చేప గుడ్ల లాగా గుండ్రటి గింజలే ఉంటాయి. రెండో పరీక్ష భూతద్దం. మూడోది మా ఆవిడ వేళ్ళు. వరసలో అదే మొదట ఉండాల్సింది.

సిలికా గురించి కూడా ఒక మాట. సిలికా ఇసుక వేస్తే గోధుమరంగు నాచు పడుతుంది, అది విషం అని అంగళ్ళలో చెప్తారు. ఆ నాచు కొత్త తొట్టిలో ఏ ఇసుక వేసినా మొదట్లో వస్తుంది, కొన్ని వారాలకు పోతుంది. శుభ్రమైన సిలికా నీళ్ళలో దాదాపు కరగదు. అలాగే, అరగోనైట్ వేస్తే నీళ్ళ పీహెచ్ దానంతట అదే నిలబడుతుందంటారు. అదీ పూర్తి నిజం కాదు. పీహెచ్ 8.2 ఉన్న నీళ్ళలో అరగోనైట్ ఇంచుమించు కరగదు. నీళ్ళు బాగా పులిసినట్టయితేనే కరుగుతుంది. ఇసుక ఉంది కదా అని నీళ్ళ పరీక్ష మానేస్తే నష్టం మనదే.

గింజ సైజు, లోతు కూడా చూసుకోవాలి. మరీ సన్నమైతే పంపు గాలివానకు ఇసుక తుఫానే. మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలైతే సందుల్లోకి తిండి దిగి కుళ్ళుతుంది. మాకు అర నుంచి ఒక మిల్లీమీటరు గింజ సరిపోయింది. లోతుగా పోస్తే, నాలుగు అంగుళాలకు పైన, అడుగున ప్రాణవాయువు అందని చోట ఇంకో రకం బాక్టీరియా చేరి నైట్రేట్‌ను గాలిగా మార్చి పంపేస్తుంది. లాభమే. కానీ ఆ పొరను ఎప్పుడైనా కదిపితే కుళ్ళిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికి రావచ్చు. అది చేపలకు విషం. మాలాంటి కొత్తవాళ్ళకు పలుచటి పొరే మేలు.

ఎంత కొనాలో గుమాస్తా లెక్క చెప్తాను. మా తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. నాలుగు సెంటీమీటర్ల లోతుకు 16 లీటర్లు. లీటరుకు సుమారు కిలోన్నర. అంటే 24, 25 కిలోలు.

ఈ పాతిక కిలోల కోసం తిరుగుతుండగానే మూడో మూట వచ్చింది. తెలిసినవాళ్ళ ద్వారా ఒకతను న్యూస్‌పేపర్ పొట్లంలో మచ్చుకు తెచ్చి ఇచ్చాడు. "తెక్కువైపు దీవుల దగ్గరిది సార్. ఎంత కావాలన్నా వస్తుంది" అన్నాడు. ధర బియ్యం కంటే తక్కువ. అయస్కాంతానికి ఏమీ అంటలేదు. వెనిగర్‌కు పొంగింది. భూతద్దం కింద పెడితే చిన్న గుల్లలు, నక్షత్రాల్లాంటి గింజలు, అరిగిన పగడపు ముక్కలు. మా ఆవిడ వేళ్ళతో నలిపి "ఇది మెత్తగా ఉంది" అంది. అన్ని పరీక్షల్లో మొదటి మార్కు. మనవడు "తాతా, ఇదే!" అన్నాడు.

నాకు మాత్రం ఆ పొట్లం చూడగానే తూత్తుకుడి గుర్తొచ్చింది.

1983లో నా మొదటి పోస్టింగు అక్కడి గూడ్స్ ఆఫీసులో. అప్పుడు మీటర్ గేజ్. సాయంత్రం ఒడ్డుకు నడిచి వెళ్తే తెల్లటి రాళ్ళ కుప్పలు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒంటినిండా పువ్వుల్లాంటి గుంటలు. పడవల్లో తెచ్చి, కాల్చి సున్నం చేసేవాళ్ళు, కట్టుబడికీ వాడేవాళ్ళు. తమిళ స్కూల్లో 'పవళప్పారై' అని పాఠం చదివాను, మార్కులూ వచ్చాయి. కానీ ఆ కుప్పే ఆ పాఠం అని నాకు తట్టలేదు. పొంగలికి ముందు మా అద్దె ఇంటికి కొత్త సున్నం వేశారు. ఏ రాతి సున్నం అని అడగలేదు. ఇల్లు తళతళలాడుతోందని మా అమ్మకు జాబు రాశాను.

మన్నార్ సింధుశాఖలో 21 దీవులు. 1986లో వాటిని జాతీయ పార్కుగా ప్రకటించారు. వాటిలో రెండు, విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి, ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. అలను ఆపే పగడపు దిబ్బను తవ్వేస్తే ఒడ్డు కోసుకుపోతుంది, దీవి మునుగుతుంది. రాతిపగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ. ఇసుక కూడా అక్కడ ఊరికే పడి ఉన్న సరుకు కాదు. చిలుక చేప పగడపు రాయిని ముక్కుతో కొరికి, నమిలి, ఇసుకగా వదులుతుంది. గుల్లలు, సున్నపు నాచులు పొడి అయి దానికి తోడవుతాయి. ఆ దీవులు నిలబడి ఉన్నదే ఆ ఇసుక మీద.

ఇదంతా మనవడికి చెప్పాను. సున్నం సంగతి కూడా దాచలేదు. వాడు కాసేపు ఊరుకుని, "నువ్వు అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నావు, అంతే కదా తాతా" అన్నాడు. అది మెచ్చుకోలో, కోపమో నాకు తెలియలేదు. పొట్లం అలాగే మడిచి తిరిగి ఇచ్చేశాం.

నాలుగో మూట బిల్లుతో కొన్నది. బహామాస్ అరగోనైట్ అని సంచి మీద రాసి ఉంది. అక్కడి వెచ్చటి లోతులేని నీళ్ళలో ఒక చిన్న నలుసు దొర్లుతూ దొర్లుతూ సున్నం పొరలు కట్టుకుని గుండ్రటి గింజ అవుతుంది. సోంపు మీద చక్కెర పాకం పోసి తిప్పినట్టు. "అది కూడా ఎవరిదో సముద్రమే కదా" అన్నాడు వాడు. నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాలుగు సెంటీమీటర్లను రెండున్నర చేశాం. పాతిక కిలోలు పదిహేను అయ్యాయి. పగడం పెట్టలేదు. రాళ్ళు మట్టితో చేసి కాల్చినవి. వాటి మీద ఇప్పుడిప్పుడే ఊదారంగు సున్నపు నాచు పాకుతోంది. క్లౌన్ చేపలు హేచరీలో పుట్టినవి. మండపంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్ళు వాటిని పుట్టించి పెంచే పద్ధతి తయారుచేశారు కాబట్టి సముద్రంలోంచి పట్టనక్కర్లేదు.

గోబీని మళ్ళీ తేలేదు. దాని బదులు నాలుగు నాసేరియస్ నత్తలు ఉన్నాయి. పగలంతా ఇసుకలో పూడుకుని, ఏనుగు తొండం లాంటి సన్నటి గొట్టం మాత్రం పైకి పెట్టి ఉంటాయి. సాయంత్రం ఏడింటికి చిటికెడు తిండి వేస్తే అర నిమిషంలో నాలుగూ ఇసుక చీల్చుకుని లేస్తాయి. ఆ ఇసుకను పరీక్షించి మార్కులు వేసేది ఇప్పుడు అవే.

చలువరాయి గింజలు మా తులసికోట చుట్టూ పోశాం, చూడటానికి బాగుంది. తిరువొత్తియూర్ రెండు బకెట్లు తిరిగి అక్కడే పోసి వచ్చాం.

నవ్విన ఇద్దరు సభ్యులూ ఇది చదువుతారని తెలుసు. ఈసారి సాయంత్రం ఏడింటికి రండి. కాఫీ ఉంటుంది.