నీలం రంగు థండర్‌క్రాకర్

షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో మా ఇంట్లో దసరా కొలువుకు ఏడు మెట్లు. పైన అమ్మవారు, ఆ కింద కొండపల్లి దశావతారాలు, ఇంకా కింద ఏటికొప్పాక లక్క బొమ్మలు. అట్టడుగు మెట్టు ఎప్పుడూ పిల్లలదే. ఈసారి దాని మీద నేను మూడు జెట్ విమానాలు పెట్టాను. మడతలు విప్పితే మూడూ మరమనుషులవుతాయి. మూడూ ఒకే అచ్చు. ఒకటి బూడిద రంగు మీద ఎరుపు, ఒకటి నలుపూ ఊదా, మూడోది నీలం. తొమ్మిదేళ్ల మా మేనల్లుడు వాటి ముందు గొంతుక్కూర్చుని, అటూ ఇటూ తిప్పి చూసి, "మామయ్యా, మూడూ స్టార్‌స్క్రీమే కదా! రంగు మార్చి మళ్లీ అమ్మేశారు" అన్నాడు.

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా ఆ మాట మనసుకు పట్టలేదు. ఆ నీలం బొమ్మ పేరు థండర్‌క్రాకర్. దాని తరఫున నాలుగు మాటలు చెప్పాలి.

1984లో హాస్‌బ్రో కంపెనీ అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల్ని బజారుకు తెచ్చినప్పుడు వాటి అచ్చులు చాలావరకు కొత్తవి కావు. జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్ లాంటి పేర్లతో అప్పటికే అమ్ముతున్నవే. డయాక్లోన్‌లో అవి మనుషులు లోపల కూర్చుని నడిపే యంత్రాలు. ఇక్కడికొచ్చాక వాటికి పేర్లు, పగలు, పంతాలు వచ్చాయి. మార్వెల్ కామిక్స్‌లో పనిచేసే బాబ్ బుడియాన్‌స్కీ బొమ్మబొమ్మకూ స్వభావం రాశాడు. ఎఫ్-15 యుద్ధవిమానం అచ్చు ఒక్కటే, అందులోంచి ముగ్గురు పుట్టారు. స్టార్‌స్క్రీమ్ నాయకుణ్ణి కూలదోసి ఆ కుర్చీ ఎక్కాలని చూసే నమ్మకద్రోహి. స్కైవార్ప్ ఇక్కడ మాయమై అక్కడ తేలుతూ తోటివాళ్లను ఏడిపించే అల్లరివాడు. థండర్‌క్రాకర్ వేరు. ఎగరలేనివాళ్లంటే వాడికి చిన్నచూపు, నిజమే. కానీ తను ఏ పక్షాన నిలబడ్డాడో ఆ పక్షం న్యాయమైనదేనా అన్న అనుమానం లోపల తొలుస్తూనే ఉంటుంది. దుష్టుల దండులో అలాంటి అనుమానం ఉన్నవాడంటే నాకు మొదటినుంచీ ఇష్టం.

ఒకే అచ్చు ఎందుకన్నదానికి జవాబు డబ్బే. గట్టి ఉక్కు దిమ్మెలను తొలిచి అచ్చులు తయారుచేయడమే అసలు ఖర్చు. అచ్చు సిద్ధమయ్యాక అందులో పోసే ప్లాస్టిక్ రంగు మార్చడం దాని ముందు ఏమంత పని కాదు. 1985లో అదే విమానానికి రెక్కలు మార్చి మరో ముగ్గురిని దింపారు. ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్‌లో ఈ కొత్త ముగ్గురినీ పోల్చుకోవడానికి విమానం ముక్కును నెత్తిమీద టోపీలా నిలబెట్టారు. వ్యాపారం లెక్క వ్యాపారానిదే, దాన్ని నేను కాదనను. ఆ లెక్కలోంచి ఒక మనిషి పుట్టాడా లేదా అన్నదే నాకు కావలసింది.

రంగు లేకపోతే ఏమవుతుందో మా ఊరికి సుమారు ముప్పై మైళ్ల దూరంలోనే తెలిసింది. 2011లో వచ్చిన మూడో ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో పెద్ద యుద్ధమంతా షికాగో నడిబొడ్డున జరుగుతుంది. రోజూ చూసే వంతెనలు, మేడలు తెరమీద కూలుతుంటే ఒళ్లు జలదరించింది. కానీ పసుపుపచ్చ బంబుల్‌బీ, ఎరుపూ నీలం ఆప్టిమస్ లాంటి కొందరు తప్ప మిగతా అందరూ ఇనుప రంగే. ఎవరు ఎవరిని కొడుతున్నారో పోల్చుకోలేకపోయాను.

మేనల్లుడితో వాదన పెట్టుకోలేదు. ఆ ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని 1977 నాటి దానవీరశూరకర్ణ సినిమా పెట్టాను. కృష్ణుడూ ఎన్టీ రామారావే, కర్ణుడూ రామారావే, దుర్యోధనుడూ రామారావే. ఆ సంగతి వాడికి ముందే చెప్పాను. కాసేపటికి వాడు సోఫా అంచుకు జరిగి, "ఈ దుర్యోధనుడికి కృష్ణుడంటే ఎందుకంత కోపం?" అని అడిగాడు. ముగ్గురూ ఒకరే కదా అని మాత్రం అనలేదు.

ఇక నీలం బొమ్మ సంగతి. ఇది 1984 నాటిది కాదు. ఆ పోలికలోనే తర్వాత వచ్చినది, అరచేతి కంటే కాస్త పొడుగు. పెట్టె లేకుండా, ఎవరో ఆడుకుని వదిలేసిందాన్ని కొన్నాను. ఒళ్లంతా ఉన్న నీలం పైపూత కాదు, ప్లాస్టిక్‌లోనే కలిసిన రంగు. గోటితో గీసినా పోదు. రెక్కల మీది ఎర్ర చారలు, వెండి గీతలు మాత్రం పైన వేసినవి. విమానాన్ని మనిషిగా మార్చేటప్పుడు రెక్క భుజానికి రాసుకునే చోట చార కొద్దిగా అరిగింది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే రంగు కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అక్కడ రాపిడే రంగును నిలబెడుతుంది, ఇక్కడ రాపిడే రంగును తినేస్తుంది. అందుకే ఈ బొమ్మను మార్చేటప్పుడు ముందు రెక్కను కాస్త బయటికి లాగి, ఆ తర్వాతే తిప్పాలి.

ఎడమ చీలమండ వదులైంది. గుండు కీలు మీద రంగులేని గోళ్లరంగు పల్చగా పూసి, రాత్రంతా పూర్తిగా ఆరనిచ్చి బిగిస్తే నిలబడింది. తడి ఉండగా బిగిస్తే కీలు అంటుకుపోతుంది, తొందరపడొద్దు.

ముఖం స్టార్‌స్క్రీమ్ ముఖమే. బూడిద రంగు బొమ్మ మీద ఆ పెదవి వంపు ఎగతాళిలా కనబడుతుంది. నీలం బొమ్మ తలను కొంచెం కిందికి వంచి, ఒక చెయ్యి నడుము దగ్గర పెట్టి దీపం ముందు ఉంచాను. కనుబొమ్మల నీడ కళ్ల మీద పడింది. అదే వంపు ఇప్పుడు ఏదో మాట అనబోయి ఆపుకున్నట్టుంది. ఆ ముదురు నీలం లేకపోతే ఆ నీడ అంతగా నిలవదు. ఈ రంగుకు నేను పూర్తి మార్కులిచ్చేది ఇందుకే.

ఇంట్లో స్టార్‌స్క్రీమ్ ఉన్నా సరే, దీన్ని కొనుక్కోండి. కొన్నాక ఎండ పడే కిటికీలో పెట్టకండి. పిల్లల చేతికి ఇచ్చే ముందు వాడి పేరేమిటో, వాడి మనసులో ఉన్న అనుమానమేమిటో చెప్పి, ఆ తర్వాత ఇవ్వండి.