వెన్ను విఱిగినను

మన అరకులోయ పల్లెలలో చింతపండు దులుపు దినములు వచ్చినప్పుడెల్ల నా మనస్సునకు భయము కలుగును. చెట్టునుండి పడి వెన్ను విఱిగినవానిఁ జూచి, "ఇఁక వాని పని యైనది" అని పెద్దలు నిట్టూర్చుటను పలుమాఱులు వింటిని. ఆ తీర్పునకు నేను సమ్మతింపఁజాలను. అట్టి మాట వినఁబడినప్పుడు మురళీకాంత్ పేట్కర్ నాకు జ్ఞప్తికి వచ్చును.

ఆయన సికిందరాబాదులోని సైనికదళమున ముష్టియుద్ధవీరుఁడు. 1965 యుద్ధమున గుండ్లు తగిలి, వెన్ను గాయపడి, కాళ్లు స్వాధీనము తప్పెను. నడుమునొద్ద వెన్నుపాము చెడినచో మెదడు ఆజ్ఞ కాళ్లకుఁ జేరదు. చేతుల బలము మాత్రము నిలుచును. నీటిలో దేహభారమును తేలికయగును. ఆయన యీఁత సాధనచేసి, 1972లో జర్మనీయందలి హైడెల్‌బర్గు పారాలింపిక్ క్రీడలలో 50 మీటర్ల పందెమున భారతదేశమునకు మొదటి స్వర్ణపతకము నార్జించెను. 2018లో పద్మశ్రీ పొందెను. నేఁడు మంచుకొండలపై సైతము నడువలేనివారు పలకపై నమర్చిన యాసనమునఁ గూర్చుండి, జాఱుచుఁ బందెములాడుచున్నారు.

బాలబాలికలారా, చెట్టునుండి పడినవానిని లేపి కూర్చుండఁబెట్టకుఁడు. మెడయు వెన్నును కదలకుండ బల్లపైఁ బరుండఁబెట్టి వైద్యశాలకుఁ జేర్పింపుఁడు. పిమ్మట వానిని మంచమునకే విడువక, మోసియైనను బడికిఁ దెండు. తరగతిలో వాని చోటు వానిదే. దేవుఁడు వానియందు మిగిల్చిన శక్తి యెట్టిదో వానితోఁ గలసి వెదకుదము.