నీళ్ల లెక్క

నేను కాచిన మొదటి బీరు మందుబిళ్లలా వాసన కొట్టింది. రెండోది పచ్చి వక్క నమిలినట్టు ఒగరు. మూడోసారి నల్లటి స్టౌట్ కాస్తే మాత్రం ఇంటికొచ్చిన మిత్రులు అడిగి మరీ రెండో గ్లాసు పోయించుకున్నారు. అదే గిన్నె, అదే ఈస్ట్, అదే చెయ్యి. తేడా ఎక్కడొచ్చిందో అర్థం కాలేదు.

మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో. ఇంట్లో బీరు కాచుకోవడానికి అక్కడి కేంద్ర ప్రభుత్వం 1978 చట్టంతో అనుమతించింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదు. ఎన్నో ఏళ్లుగా ఆ పని చేస్తున్న పక్కింటి పెద్దాయనకు నా గోడు చెప్పుకున్నాను. ఆయన ఒకటే అడిగాడు: "నీ నీళ్ల గురించి నీకేం తెలుసు?" నాకు కోపమొచ్చింది. నల్లగొండ జిల్లావాణ్ని పట్టుకుని నీళ్ల గురించి అడుగుతాడా?

కానీ నిజంగానే నాకు తెలియదు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని బరకగా ఆడించి, దాదాపు 66 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో గంటసేపు నానబెడతాం. దీన్నే మాష్ అంటారు. గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మార్చేది అప్పుడే. ఆ పని సాఫీగా సాగాలంటే మాష్ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. బాగా పెరిగితే పొట్టులోని ఒగరు బీరులోకి దిగుతుంది. పీహెచ్ కొలతను 1909లో ప్రవేశపెట్టిన సోరెన్‌సెన్ పనిచేసింది కూడా కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ స్థాపించిన లేబొరేటరీలోనే.

శాన్ ఆంటోనియో నీళ్లు సున్నపురాతి పొరల్లోంచి వస్తాయి. వాటిలోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని మింగేసి పీహెచ్‌ను దిగనివ్వదు. లేతరంగు మాల్ట్‌తో కాచినప్పుడు నా మీటరు 5.9 చూపించింది. నల్లగా వేయించిన మాల్ట్‌లో ఆమ్లం ఎక్కువ కాబట్టి స్టౌట్ గట్టెక్కింది. డబ్లిన్ నీళ్లకు స్టౌట్, లవణాలు దాదాపు లేని పిల్‌సెన్ నీళ్లకు బంగారు రంగు లాగర్, జిప్సం నిండిన బర్టన్ నీళ్లకు చేదు ఏల్ కుదరడం వెనకున్నదీ ఇలాంటి లెక్కే. ఇక మందు వాసనకు కారణం క్లోరిన్. అది ఒక్క క్యాంప్‌డెన్ బిళ్లతో పోయింది.

నీటి సరఫరా సంస్థ ఏటా పంపే నాణ్యత రిపోర్టును అంతవరకూ చదవకుండానే పారేసేవాణ్ని. అందులో లేని అంకెల కోసం ఫోన్ చేస్తే ఒకావిడ ఓపిగ్గా చదివి వినిపించింది. కాల్షియం, సల్ఫేట్, క్లోరైడ్, ఆల్కలినిటీ. చివరి మాట దగ్గర నా పెన్ను ఆగింది. అది నేను చిన్నప్పుడే విన్న మాట.

మా నాయిన బడిపంతులు. మా ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలిసేసరికే ఆయన మెడ బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. 1980ల్లో మా వంటింట్లో నల్లా బిగించిన బకెట్ ఉండేది. నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించి, మా జిల్లా పేరే పెట్టిన 'నల్లగొండ టెక్నిక్' అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, గంట ఆగి, తేరిన నీళ్లు పట్టుకోవాలి. ఎంత పటిక వేయాలన్నది నీళ్లలోని ఫ్లోరైడ్‌ను, ఆల్కలినిటీని బట్టి ఉంటుంది. ఆ రెండంకెల కోసం నాయిన సీసాలో నీళ్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎవరూ చెప్పలేదు. చివరికి అందాజుగా చెంచాతో వేసేవాడు.

2017లో ఆయన మా ఇంటికొచ్చాడు. మందు ముట్టని మనిషి. బీరు సంగతి దాచిపెట్టాను. ఒక శనివారం తెల్లవారుజామున గరాజ్‌లో చిన్న త్రాసు మీద నాలుగు గ్రాముల జిప్సం తూస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏందిరా, బంగారం జోకుతున్నవా?"

నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. బల్లమీది రిపోర్టు తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇండ్ల ఫ్లోరైడ్ ఎంతున్నది?"

ఆ వరస నేనెప్పుడూ చూడలేదు. వెతికి చెప్పాను. ఇక్కడ పళ్లు పుచ్చకుండా లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండేలా కలుపుతారన్నాను.

"కలుపుతరా?" మనిషి మొత్తం నావైపు తిరిగాడు. కాసేపాగి, "కలిపినా లెక్క చెప్పి కలుపుతున్నరు గద" అన్నాడు.

కుళాయి నీళ్లలో సగానికి సగం ఆర్వో నీళ్లు, తూచిన జిప్సం, మూడు మిల్లీలీటర్ల లాక్టిక్ యాసిడ్ కలిపి మాష్ పెట్టాను. పది నిమిషాలయ్యాక కొంచెం తీసి చల్లార్చి, మీటరు ఆయన చేతికిచ్చాను. "5.4" అని చదివాడు. ఆ బీరు మాత్రం రుచి చూడలేదు.

వెళ్లేటప్పుడు రిపోర్టు సూట్‌కేసులో పెట్టుకున్నాడు. ఇప్పుడు మా ఊరికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. వాటిలో ఏమేముందో ఏటా ఇంటింటికీ కాయితం పంపమని నాయిన దరఖాస్తు పెట్టాడు. నమూనాగా శాన్ ఆంటోనియో రిపోర్టు జిరాక్స్ జతచేశాడు.