వారంలో వందమంది

మార్చి నెల అంటే ఏమిటో బ్యాంకు ఉద్యోగం చేసేవారికీ, వారితో కాపురం చేసేవారికీ వేరే చెప్పనక్కరలేదు. ఏడాది లెక్కలు ముగియాలి. మొండిబాకీలు వసూలు కావాలి. పన్ను తగ్గించుకోవడానికి పీపీఎఫ్‌లో డబ్బు కట్టాలన్న సంగతి ఊళ్ళో అందరికీ ఆ నెలలోనే గుర్తుకు రావాలి. సరిగ్గా అలాంటి రోజుల్లో ఒక ఆదివారం రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, రేపటినుంచి శుక్రవారం లోపల వందమంది మనుషుల బొమ్మలు వెయ్యాలి. నేను వేస్తున్నాను, నువ్వూ వెయ్యి" అంది.

అది బెంగుళూరులో ఆర్కిటెక్చర్ చదువుతోంది. కెనడాలో ఉండే మార్క్ టారో హోమ్స్, ఆస్ట్రేలియాలో ఉండే లిజ్ స్టీల్ అనే ఇద్దరు చిత్రకారులు 2017లో మొదలుపెట్టిన పందెమట ఇది. అప్పటినుంచి ఏటా దేశదేశాల వాళ్ళు సరదాగా వేస్తున్నారట. రోజుకి ఇరవై చొప్పున ఐదు రోజులు. పెన్నయినా సరే, పెన్సిలయినా సరే. బహుమతీ లేదు, తప్పితే జరిమానా లేదు. "బాగా రావాలని చూడకు. ఇరవైమంది వెయ్యాలంటే ఒక్కొక్కరి దగ్గర బెంగపడే తీరిక ఉండదు. చెయ్యి అదే సాగుతుంది" అని ధైర్యం చెప్పింది.

పెళ్ళికి ముందు నేను బొమ్మలు వేసేదాన్ని. వేసేదాన్నని చెప్పడం కంటే, వారపత్రికల్లో బాపు గారి బొమ్మలు పక్కన పెట్టుకుని దించేదాన్నని చెప్పడం న్యాయం. ఆయన కూడా మా మద్రాసులోనే ఉంటారని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేదాన్ని. తర్వాత ఉద్యోగం, సంసారం. 2014లో ఆయన పోయారని విన్ననాడు అటకమీది ఆ పాత పుస్తకం గుర్తుకొచ్చింది కానీ, నిచ్చెన వేసి దించడానికి తీరిక దొరకలేదు.

మా ఇల్లు క్రోంపేటలో. ఆఫీసు కోట దగ్గర. తాంబరం నుంచి బీచ్ వెళ్ళే లోకల్ రైల్లో ముప్పావు గంట ప్రయాణం. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నాదంటూ చెప్పుకోగలిగిన కాలం అదొక్కటే. సోమవారం పొద్దున సంచిలో లంచ్ డబ్బా పక్కన ఒక చిన్న నోటుబుక్కు, బాల్‌పెన్ను పెట్టుకుని బయలుదేరాను.

ఆడవాళ్ళ పెట్టెలో కూర్చునే చోటు దొరికింది గానీ బొమ్మ దొరకలేదు. ముక్కు కుదిరేలోపల సైదాపేట వస్తుంది, ఆవిడ దిగిపోతుంది. చూస్తున్నానని తెలిస్తే కొందరు ముఖం తిప్పుకుంటారు, కొందరు తలలో పూలు సర్దుకుంటారు. ఆ రోజు లెక్క ఏడు. అందులో మూడు నిద్రపోతున్నవాళ్ళవి.

మంగళవారానికి కొంత కిటుకు పట్టుబడింది. ముక్కూ కళ్ళూ మొదలుపెడితే పని కాదు. ముందు తల ఎటు వాలిందో, భుజాల గీత ఎటు పోతోందో చూడాలి. ఆ రెండూ కుదిరితే మనిషి కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఈ కాలంలో ఇంకో వెసులుబాటు, సగంమంది సెల్‌ఫోనులోకి తల వంచుకుని ఉంటారు. మనం చూస్తున్నామని వాళ్ళు చూడరు. అయితే అందరి మెడలూ ఒకేలా ఉంటాయి. మూర లెక్కన మల్లెపూలు అమ్మే అమ్మాయి, నోట్లో పిన్ను పెట్టుకుని రద్దీలోనే కుచ్చిళ్ళు సర్దుకుంటున్న ఆవిడ, కిటికీ ఊచకి జడ ఆనించి పరీక్షకు చదువుకుంటున్న పిల్ల, అందరూ కలిసి ఆ రోజు పందొమ్మిది.

ఇక బుధవారం సంగతి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రైలు ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం బల్లమీద కూర్చుని చూస్తే, కాస్త దూరంలో ఒక పెద్దావిడ ఊడుస్తోంది. చీరమీద నారింజరంగు కోటు, పొడుగాటి చీపురు, వంగిన నడుము. ఒక్కచోటే అటూ ఇటూ ఊడుస్తోంది కాబట్టి వెయ్యడం తేలికైంది. చీపురు ఈనెలు కూడా విడివిడిగా వేశాను. అప్పటిదాకా వేసిన వాటిలో అదే మేలనిపించి మురిసిపోతుంటే, నా పక్కన నీడ పడింది.

"ఏందమ్మా రాస్తా ఉండావు? నన్నేనా?"

తెలుగు! అదీ మా తాతగారి నెల్లూరు తెలుగు. ఆరేళ్ళుగా అదే ప్లాట్‌ఫారం మీద ఆవిడని దాటుకుంటూ పోతున్నాను. ఎప్పుడైనా మాట్లాడితే "కొంచెం జరగమ్మా" అన్న ఒక్క మాట, అదీ తమిళంలో. ఆవిడదీ మన భాషేనని నాకు తోచనే లేదు. పుస్తకం చూపించాను. ఆవిడ దాన్ని దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసింది.

"పొరక బాగుండాది. మొగమేదమ్మా?"

నిజమే. వంగి ఊడుస్తున్న మనిషికి ముఖం కనపడలేదు, నేను వెయ్యలేదు. కనపడలేదా, కనపడేలా చూడలేదా అని అడిగితే ఇప్పుడు కూడా నా దగ్గర జవాబు లేదు. ఇంతలో రైలొచ్చింది. "రేపేస్తానమ్మా" అని ఎక్కేశాను. ఆ రోజు ఆఫీసులో తనిఖీ. మొత్తం లెక్క నాలుగు.

మర్నాడు నేను ఆ బల్ల దగ్గరికే వెళ్ళలేదు. మా అత్తగారి కళ్ళపరీక్ష కోసం సెలవు పెట్టాను. ఆసుపత్రిలో పిలుపుకోసం కూర్చున్న జనాన్ని చూస్తే పందెంరాయుళ్ళకి పండగే! అందరూ కదలకుండా కూర్చుని ఉంటారు. మూడు గంటల్లో ఇరవై ఎనిమిది. కళ్ళు తలకి సరిగ్గా సగం ఎత్తులో ఉంటాయనీ, నాలాంటివాళ్ళు వాటిని నుదుటిమీద పెట్టి ముఖం చెడగొడతామనీ అక్కడే గ్రహించాను. "నన్ను వేసి కాగితం ఎందుకు పాడుచేసుకుంటావే" అంటూనే మా అత్తగారు పైట సర్దుకుని కూర్చున్నారు. మొత్తం యాభై ఎనిమిది. శుక్రవారం నలభై రెండు వేస్తే వంద. సెలవు రోజయితే వెయ్యలేనిదేమీ కాదు గానీ, నాకు ఆఫీసుంది. అయినా ఆశ పుట్టింది.

శుక్రవారం అరగంట ముందే స్టేషనుకి వెళ్ళాను. ఆవిడ బల్ల దగ్గరే ఉంది. "నిన్న రాలేదేందమ్మా?" అంది. బల్లమీద కూర్చోమంటే కూర్చోలేదు. "సూపరైజరు చూస్తే ఊరుకోడు" అని స్తంభానికి ఆనుకుని నిలబడింది. నేనే లేచి ఎదురుగా నిలబడి వేశాను. రెండు నిమిషాల బొమ్మ కాదది. ఇరవై నిమిషాలు పట్టింది. రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి.

వేస్తున్నంతసేపూ మాట్లాడుకున్నాం. వాళ్ళ అవ్వ నెల్లూరు వైపు నుంచి వచ్చిందట, పట్టణం ఊడవడానికి. అమ్మదీ అదే పని, ఈవిడదీ అదే పని. మా తాతగారూ అదే నెల్లూరు నుంచి వచ్చారు, గుమాస్తా పనికి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరూ మద్రాసూ ఒకే రాష్ట్రం. రెండు కుటుంబాలూ ఒకే దారిన వచ్చి ఒకే ఊళ్ళో మూడు తరాలు బతికాయి. ఎదురుపడలేదు. "ఇంట్లో తెలుగే మాట్లాడతాం, సదవను రాదు. పిలకాయలకి అరవం వస్తాది" అంది. మా అమ్మాయికి మాత్రం వస్తుందా? ఈ పత్రిక నేను చదివి వినిపించాల్సిందే.

సంచిలో మన సంఘం ఉగాది ఆహ్వానపత్రం ఉంటే తీసి ఇచ్చాను. చదవమంది. చదివాను. చివరిదాకా విని, "మమ్మల్ని రానిస్తారా?" అంది.

"ఎందుకు రానివ్వరు!" అన్నాను వెంటనే. కానీ రైలెక్కాక ఆలోచిస్తే, ఇరవై ఏళ్ళుగా నేను వెళుతున్న ఆ సభల్లో, ఆ భోజనాల పంక్తుల్లో అలాంటి మనిషిని ఒక్కరిని కూడా చూసిన గుర్తు లేదు. ఎవరూ వద్దనలేదు నిజమే. ఎవరూ పిలవలేదన్నదీ నిజమే. మన ఊరు దాటి వచ్చాం, మన భాష పోతోంది, మనవాళ్ళు తగ్గిపోతున్నారు అని ఆ సభల్లో బాధపడేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మనవాళ్ళని లెక్కపెట్టేటప్పుడు ఎవరి ముఖాలు వెయ్యకుండా వదిలేశామో చూసుకోలేదు.

ఆ రోజు రాత్రికి ఇరవై మూడు అయ్యాయి. మొత్తం ఎనభై ఒకటి. మా అమ్మాయి వంద పూర్తి చేసింది. "పందొమ్మిది తగ్గాయి, ఓడిపోయావు" అని ఏడిపించింది. నిజానికి నా పుస్తకంలో ఉన్నవి ఎనభయ్యే. ముఖం ఉన్న ఆ బొమ్మ కాగితం చింపి ఆవిడకే ఇచ్చాను. మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ముఖం లేనిది నా దగ్గరే ఉంది.

ఉగాదికి ఆవిడ రాలేదు. పండగరోజు డ్యూటీ. మర్నాడు చిన్న డబ్బాలో పచ్చడి తీసుకెళ్ళాను. చీపురు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని తింది.

"వేపపువ్వు ఎక్కువేశావమ్మా" అంది.

వచ్చే ఏడాది చెయ్యి తగ్గించి వేస్తానన్నాను. ఆహ్వానం పత్రం చేతిలో పెట్టడం కాదు, సెలవు పెట్టుకునేలా ముందుగా చెప్పి, వెంటపెట్టుకుని తీసుకురావాలని కూడా అనుకున్నాను. వస్తే నా పక్కన కుర్చీ ఉంటుంది. మీరు కూడా పలకరించండి. తెలుగులోనే.