వెండి కంచం లెక్క

2023 ఏప్రిల్‌లో మా సొలిసిటర్ నుంచి వచ్చిన రెండో బిల్లులో ఒక వరుస ఉంది: ‘క్లయింటు పంపిన వాట్సాప్ సంభాషణలు చదవడం, 46 పేజీలు, 12 యూనిట్లు.’ ఇంగ్లండ్‌లో సొలిసిటర్లు తమ కాలాన్ని ఆరేసి నిమిషాల ముక్కలుగా లెక్కేస్తారు. ఒక్కో ముక్కా ఒక యూనిట్. ఆవిడ ఫీజు గంటకు 255 పౌండ్లు, దాని మీద 20 శాతం వ్యాట్. అంటే నా గోడు చదివినందుకు 367 పౌండ్ల చిల్లర. ఆ పేజీలతో పాటు ఆవిడ పంపిన జవాబు రెండే వాక్యాలు: ‘అంతా చదివాను. ఇందులో కోర్టుకు పనికొచ్చేది ఏదీ లేదు.’

నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్ల కాపురంలో ఎవరిది తప్పో నిరూపించే కాగితాలవి! తర్వాత ఆవిడే ఫోన్ చేసి విడమరిచి చెప్పింది. 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో విడాకులకు ఎవరి తప్పూ చూపించక్కర్లేదు. ‘ఈ పెళ్లి ఇక నిలవదు’ అని సంతకం పెడితే చాలు, ఇద్దరూ కలిసి కూడా పెట్టొచ్చు. ఆస్తులు పంచేటప్పుడు కూడా ఎవరు ఎవర్ని ఎన్ని మాటలన్నారో జడ్జి సాధారణంగా పట్టించుకోరు. పట్టించుకోవాలంటే ఆ ప్రవర్తన మరీ ఘోరంగా ఉండాలి. మాది ఘోరం కాదు. ఊపిరాడని కాపురం, అంతే.

అప్పటిదాకా నేను సొలిసిటర్ అంటే నా తరఫు మనిషి అనుకున్నాను. నా తరఫే, కానీ మీటరు తిరిగే మనిషి. రాత్రి పదకొండింటికి, పిల్లాడు పడుకున్నాక, ఏడుస్తూ మెయిల్ రాసేదాన్ని. ఒక్కోటీ ఒక్కో యూనిట్, వ్యాట్‌తో 30 పౌండ్ల 60 పెన్నీలు. అలాంటివి పద్నాలుగు రాశానని తర్వాత లెక్కపెట్టుకుంటే తేలింది. అదే ఏడుపు తెనాలిలో మా పెద్దక్కకి ఫోన్ చేసి ఏడిస్తే ఉచితం, పైగా ఓదార్పు దొరుకుతుంది.

మొదటిసారి ఫిబ్రవరిలో కలిసినప్పుడు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న పెళ్లి గురించి కాదు. ‘ఇల్లు ఇద్దరి పేరునా ఉందన్నారు. ఏ రకంగా?’ అంది. నేను తెల్లమొహం వేశాను. ఇక్కడ ఉమ్మడి ఆస్తికి రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో ఒకరు పోతే మొత్తం ఇల్లు రెండోవారికి వెళ్లిపోతుంది, విల్లు రాసినా చెల్లదు. రెండోదాంట్లో ఎవరి వాటా వాళ్లది. మాది మొదటి రకం. విడాకులు నడుస్తున్న కాలంలో నాకేదైనా జరిగితే నా వాటా పిల్లాడికి కాదు, ఆయనకే వెళ్తుంది. ఆవిడ ఒక నోటీసు పంపించి, భూముల రిజిస్ట్రీలో మార్పు చేయించింది. ఆ రిజిస్ట్రీకి ఫీజు కూడా లేదు. ఆవిడకి నేనిచ్చిన డబ్బులో అన్నిటికన్నా విలువైన అరగంట అదే.

మార్చిలో దరఖాస్తు పెట్టాం. కోర్టు ఫీజు అప్పట్లో 593 పౌండ్లు. దరఖాస్తు పడ్డాక ఇరవై వారాలు ఆగితే గాని కండిషనల్ ఆర్డర్ అడగడానికి వీల్లేదు. ఆ తర్వాత మరో ఆరు వారాల ఒక రోజు ఆగితే ఫైనల్ ఆర్డర్. ఆన్‌లైన్‌లో ఎవరికి వాళ్లు చేసుకోగలిగేంత తేలిక. కష్టమంతా డబ్బు దగ్గరే ఉంది.

దరఖాస్తు ఇద్దరం ఉమ్మడిగా పెట్టడానికి ఒక కారణం ఉంది, అది నాకు చెప్పింది ఇక్కడి సొలిసిటర్ కాదు, తెనాలిలో అయిదు వేల రూపాయలు తీసుకున్న లాయరుగారు. మా పెళ్లి హిందూ వివాహం. విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇండియాలో ఎప్పుడు చెల్లుతాయో సుప్రీంకోర్టు 1991లో ఒక తెలుగు దంపతుల కేసులోనే తేల్చింది: వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి. పెళ్లి తిరుపతిలో, భర్త తెచ్చుకున్న విడాకులు అమెరికాలోని మిస్సౌరీలో. చెల్లవంది కోర్టు. మన చట్టంలో లేని కారణం మీద, రెండో మనిషి ఒప్పుకోలు లేకుండా తెచ్చుకున్న తీర్పు ఇక్కడ నిలవదు. ‘అందుకే ఇద్దరూ కలిసి సంతకం పెట్టండమ్మా, ఒప్పుకోలు కాగితం మీద కనబడాలి’ అన్నారాయన. మా ఇంగ్లీషు సొలిసిటర్‌కి ఈ కేసు తెలీదు. ఆవిడ తప్పేం లేదు, అది ఆవిడ దేశం చట్టం కాదు. రెండు దేశాల్లో కాళ్లు పెట్టినవాళ్లం, ఇద్దరు లాయర్లని అడగాల్సింది మనమే.

ఇక ఆస్తులూ అప్పులూ కోర్టుకి చూపించే ఫారం ఈ. పేరు చిన్నదే గాని, నింపితే చిన్న నవలంత. ప్రపంచంలో ఎక్కడున్నా సరే, ప్రతి ఖాతా, ప్రతి స్థలం, ప్రతి అప్పు, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లతో సహా చూపించాలి. ఒక్కోటి 500 పౌండ్లు దాటే నగలూ నట్రా విడిగా రాయాలి. గుంటూరు దగ్గర 2016లో కొన్న 200 గజాల స్థలం విలువ రాయమంటే, ‘ఏ విలువ?’ అన్నాను. రిజిస్ట్రేషన్ విలువ ఒకటుంటుంది, బయటి ధర దానికి మూడింతలుంటుంది అని చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ‘ఒకే స్థలానికి రెండు ధరలా? ప్రభుత్వానికి తెలుసా?’ అంది. ఆ ఏడాది నేను నవ్విన రెండు మూడు సార్లలో అదొకటి.

బంగారం నలభై సవర్లు, పుట్టింటివాళ్లు పెట్టింది. అది స్త్రీధనం, మన చట్టం ప్రకారం పూర్తిగా నాది. ఇక్కడ కూడా మా ఆయన దాని జోలికి రాలేదు. గొడవంతా ఒక వెండి కంచం మీద వచ్చింది. పిల్లాడి అన్నప్రాశనకి మా అత్తగారు పెట్టింది, నాలుగు వందల గ్రాములు. ‘మా అమ్మ ఇచ్చింది’ అని ఆయన. ‘నా కొడుక్కి ఇచ్చింది’ అని నేను. దాని మీద మా సొలిసిటర్ చేత మూడు ఉత్తరాలు రాయించాను. ముప్ఫై వేల రూపాయల కంచం, అంటే మూడు వందల పౌండ్లకి లోపే. ఉత్తరాలకైన ఖర్చు 765 పౌండ్లు. అటువైపు ఆయనకెంతైందో నాకు తెలీదు.

నేను ఆ కంచం దగ్గర ఉండగా అసలు ఆస్తి నా పక్కనుంచి జారిపోబోయింది.

నాకు కావలసింది ఇల్లు. ఇంటి ధర మూడు లక్షల 40 వేల పౌండ్లు, బ్యాంకు అప్పు రెండు లక్షల 5 వేలు, మిగులు లక్షా 35 వేలు. ఆయన ఒక కౌన్సిల్‌లో ఉద్యోగి. ఆ పెన్షన్‌కి ఫారంలో రాసిన విలువ లక్షా 58 వేలు. నేను పార్ట్‌టైమ్‌లో ఉండి, పిల్లాణ్ని చూసుకుంటూ పెన్షన్‌లో దాచుకున్నది 31 వేలు. ‘ఇల్లు నాకిచ్చెయ్, నీ పెన్షన్ నువ్వుంచుకో’ అని మీడియేషన్‌లో నేనే అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఒప్పుకున్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

పెన్షన్ నాకు ఆస్తిలా అనిపించలేదు. మా ఇంట్లో ఆస్తి అంటే పొలం, ఇల్లు, బంగారం. మా నాన్న టీచరు, ఆయన పెన్షన్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే జీతంలాంటిది, దాన్ని ఎవరైనా పంచుకుంటారా? ఇక్కడ పంచుతారు. 2000 డిసెంబరు నుంచి కోర్టు పెన్షన్‌ని ఒక శాతంగా విడగొట్టి రెండోవారి పేరున పెట్టగలదు.

మా సొలిసిటర్ ఒక కాగితం తీసి లెక్క వేసింది. మా ఇంటి లోను 1.8 శాతం వడ్డీకి ఉంది, నవంబరులో ఆ గడువు తీరుతుంది. అప్పటికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 5.25 శాతానికి చేరింది. నెలకి 849 పౌండ్లు కట్టేది 1,271 అవుతుంది. నా చేతికొచ్చే జీతం నెలకి 2,150. పైగా లోను నా ఒక్కదాని పేరుకి మార్చాలంటే బ్యాంకు చూసేది నా జీతం. ఏడాదికి 31 వేలకి నాలుగున్నర రెట్లు ఇచ్చినా లక్షా 40 వేలు దాటదు. రెండు లక్షల 5 వేలు కావాలి. ‘మీరు అడుగుతున్నది మీరు నిలబెట్టుకోలేని ఇల్లు. దాని కోసం వదులుకుంటున్నది మీకు మళ్లీ దొరకని పెన్షన్’ అంది. ఆ మాటకి ఎన్ని యూనిట్లు వేసిందో చూడలేదు.

నేను మూడు వారాలు ఒప్పుకోలేదు. ఆ ఇంటి పెరట్లో కరివేపాకు మొక్కని కుండీలో పెట్టి, చలికాలమంతా లోపలికి తెచ్చి బతికించాను. అది లెక్కల్లోకి రాదని నాకూ తెలుసు.

చివరికి ఇల్లు అమ్మాం. మిగులులో 60 శాతం నాకు, పిల్లాడు ఎక్కువ రోజులు నా దగ్గరే ఉంటాడు కాబట్టి. ఆయన పెన్షన్‌లో 40 శాతం నా పేరుకి. గుంటూరు స్థలం ఆయనకే వదిలేశాను. నా పేరుకి మార్చాలంటే పవర్ ఆఫ్ అటార్నీ, మూడు నెలల్లో దానికి స్టాంపు వేయించడం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, మధ్యలో ఇరువైపుల చుట్టాలు. ఆ ఓపిక నాకు లేదు. అమ్మకి మాత్రం అది ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఇదంతా కన్సెంట్ ఆర్డర్‌గా రాసి, కోర్టు ముద్ర వేయించాం. ఆ ముద్ర లేకపోతే విడాకులొచ్చినా డబ్బు తలుపు మూసుకోదు. డేల్ విన్స్ అని, గాలిమరల కరెంటుతో కోటీశ్వరుడైన ఇంగ్లీషాయన ఒకడున్నాడు. 1992లో విడాకులైన భార్య 2011లో వచ్చి వాటా అడిగితే, 2015లో ఇక్కడి సుప్రీంకోర్టు అడగొచ్చనే అంది. విడాకులనాటికి అతని చేతిలో చిల్లిగవ్వ లేదు. మరుసటి ఏడాది మూడు లక్షల పౌండ్లకి రాజీపడ్డాడు. అందుకే ఇద్దరి దగ్గరా ఏమీ లేకపోయినా ఆ ఆర్డర్ తీసుకోమంటారు. కాగితాలు రాయడానికి మా సొలిసిటర్ ఈసారి గంటల లెక్కన కాకుండా ఒకే మొత్తం తీసుకుంది. అలా అడగొచ్చని నాకు మొదట్లో తెలీదు. ఫైనల్ ఆర్డర్ కూడా ఆ ముద్ర పడేదాకా ఆపించింది. పెన్షన్ విడిపోకముందే మా ఆయనకేమైనా అయితే భార్యగా రావలసింది, మాజీ భార్యగా రాకపోవచ్చని.

ఏప్రిల్ బిల్లు తర్వాత నేను మెయిళ్లు వారానికొకటి చేశాను. శుక్రవారం పొద్దున, ప్రశ్నలకి నంబర్లు వేసి. స్టేట్‌మెంట్లు నెలల వారీగా నేనే సర్ది పంపాను. బిల్లు సగానికి పడింది. మొత్తం ఖర్చులో కోపానికి పోయిన భాగమెంతో ఒకసారి రాసుకున్నాను: వాట్సాప్ 367, అర్ధరాత్రి మెయిళ్లు 428, కంచం 765. పదిహేను వందల అరవై పౌండ్లు. మా ఊళ్లో ఇంతకన్నా చౌకగా తిట్టుకుంటారు.

2024లో పెన్షన్ వాళ్ల ఉత్తరం వచ్చింది, నా పేరున. అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. ‘అయితే ఎన్ని గజాలొచ్చినట్టే?’ అంది. గజాలు కాదమ్మా, నాకు 68 ఏళ్లొచ్చాక ఏటా డబ్బులొస్తాయి అన్నాను. ‘అప్పటికి నేనుండొద్దూ చూడ్డానికి’ అని, కాసేపాగి, పిల్లాడు అన్నం తిన్నాడా అని అడిగింది.

కంచం ఆయన దగ్గరే ఉండిపోయింది. వారం వారం శనివారం పిల్లాడు అక్కడికి వెళ్తాడు. మొన్న వచ్చి, నాన్న దాన్ని డిష్‌వాషర్‌లో వేశాడట, నల్లగా అయిపోయిందమ్మా అన్నాడు. పళ్లపొడితో తోమితే తెల్లబడుతుందని చెప్పమన్నాను.